బాహ్య హార్డు డిస్కులోని సంగీత భాండాగారం: సమస్యలు, పరిష్కారాలు

బాహ్య హార్డు డిస్కులోని సంగీత భాండాగారం అనగా కంప్యూటరు లోపలి డిస్కులో కాక, కేబులుతో తగిలించే విడి డిస్కులో భద్రపరచిన పాటల సముదాయం. పాటల ఫైళ్ళు, వాటి వివరాలను గుర్తుంచుకొని వినిపించే సాఫ్టువేరు తయారు చేసుకొన్న సూచిక, ఈ రెండూ కలిస్తేనే భాండాగారం అవుతుంది. ఇవి సాధారణంగా వేర్వేరు చోట్ల ఉంటాయి. పాటలు బాహ్య డిస్కులోనూ, సూచిక కంప్యూటరు లోపలి డిస్కులోనూ ఉండడం వలన, వీటి మధ్య సంబంధం తెగినప్పుడు పాటలన్నీ మాయమైనట్లు కనిపిస్తుంది. నిజానికి పాటలు కనబడకపోవడం వేరు, పాటలు నశించడం వేరు. ఈ తేడాను గుర్తించకుండా తొందరపడి డిస్కును ఫార్మాటు చేయడం, లేదా సూచికను తొలగించి మొదటి నుండి చేర్చడం వలన, అప్పటివరకు సురక్షితంగా ఉన్న సమాచారం నిజంగానే పోయే ప్రమాదం ఉంది.

అంగడిలో దొరికే సినిమా పాటలు పోతే మరల సంపాదించుకోవచ్చు. పాత క్యాసెట్ల నుండి కంప్యూటరులోకి ఎక్కించుకొన్న హరికథలు, రేడియో నుండి రికార్డు చేసుకొన్న లలిత గీతాలు, ఇంటి పెద్దలు పాడిన పెళ్ళి పాటలు, మంగళ హారతుల వంటివి అలా దొరకవు. అసలు క్యాసెట్టు టేపు పాడైపోయిన తరువాత డిస్కులోని ఫైలే ఆ గొంతుకు మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు.

నేపథ్యం

1956లో ఐబీఎం సంస్థ ప్రవేశపెట్టిన తొలి హార్డు డిస్కు 50 పళ్ళేలతో సుమారు 50 లక్షల అక్షరాలను మాత్రమే నిల్వ చేయగలిగేది. 1996లో వెలువడిన యూఎస్‌బీ ప్రమాణం గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 దీనిని 480 మెగాబిట్లకు పెంచింది. పెద్ద డిస్కులను కంప్యూటరు బయట ఉంచి వాడుకోవడం సామాన్యులకు ఆచరణయోగ్యమైనది ఈ మార్పు తరువాతనే. 2008లో ప్రకటించిన యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు.

ఆడియో సీడీలో ఒక్కొక్క సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు, రెండు ఛానళ్ళు ఉంటాయి. ఈ లెక్కన 5 నిమిషాల పాటకు సుమారు 53 మెగాబైట్లు కావాలి. అదే పాటను సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3గా మారిస్తే 4.8 మెగాబైట్లు, 320 కిలోబిట్ల ఎంపీ3గా మారిస్తే 12 మెగాబైట్లు అవుతుంది. కాబట్టి 1 టెరాబైటు డిస్కులో 320 కిలోబిట్ల పాటలు 80 వేలకు పైగా పడతాయి. టెరాబైటు అంటే తయారీదారుల లెక్కలో లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 గుణిజాలలో లెక్కిస్తుంది కనుక అదే డిస్కును 931 గిగాబైట్లుగా చూపుతుంది. ఇది లోపం కాదు.

మూడు అంచెలు

ఒక పాట వినిపించాలంటే మూడు అంచెలు సరిగా పనిచేయాలి.

1. యంత్రభాగం: డిస్కు, దాని పెట్టె, కేబులు, విద్యుత్తు.
2. ఫైలు వ్యవస్థ: డిస్కులో ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే ఏర్పాటు. ఎఫ్‌ఏటీ32, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్, మ్యాకింటోషులలో వాడే హెచ్ఎఫ్ఎస్ ప్లస్, ఏపీఎఫ్ఎస్, లినక్సులో వాడే ఎక్స్‌ట్4 ఇటువంటివి.
3. సూచిక: పాటలు వినిపించే సాఫ్టువేరు తన కోసం వ్రాసుకొన్న జాబితా. ఇందులో ప్రతి పాటకు ఒక చిరునామా, అనగా ఏ డిస్కులో, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఫైలు ఉన్నదన్న వివరం ఉంటుంది. పాటకు ఇచ్చిన నక్షత్రాలు, ఎన్నిసార్లు విన్నారన్న లెక్క, ప్లేలిస్టులు కూడా సాధారణంగా ఇక్కడే ఉంటాయి.

లోపాన్ని వెదకేటప్పుడు క్రింది అంచె నుండి పైకి రావాలి. యంత్రభాగం సరిగా లేనప్పుడు సూచికను సరిదిద్దడం వృథా ప్రయాస. డిస్కు చెడిపోతూ ఉంటే అటువంటి ప్రయత్నం హానికరం కూడా.

లోపం ఏ అంచెలో ఉన్నదో గుర్తించడం

ముందుగా పాటల సాఫ్టువేరును మూసివేసి, మామూలు ఫైళ్ళ కిటికీలో డిస్కును తెరిచి చూడాలి. ఇక్కడ మూడు పరిస్థితులు ఎదురు కావచ్చు.

* డిస్కు పేరే కనబడకపోతే లోపం యంత్రభాగంలో ఉండే అవకాశం ఎక్కువ.
* డిస్కు కనబడినా తెరుచుకోకపోతే, లేదా ఫార్మాటు చేయమని కంప్యూటరు అడిగితే, ఫైలు వ్యవస్థను అనుమానించాలి. డిస్కు ఉపరితలం చెడినప్పుడు కూడా ఇదే సందేశం రావచ్చు.
* ఫోల్డర్లు తెరుచుకొని, ఒక పాటను నేరుగా నొక్కితే వినిపిస్తే, పాటలు క్షేమంగా ఉన్నట్లే. లోపం సూచికకు మాత్రమే పరిమితమై ఉంటుంది.

రెండు నిమిషాలు పట్టే ఈ పరీక్ష తరువాతనే ఏ చర్య అయినా తీసుకోవాలి. కారణం తేలేవరకు ఆ డిస్కులో కొత్తగా ఏదీ వ్రాయరాదు.

డిస్కు కంప్యూటరుకు కనబడకపోవడం

2.5 అంగుళాల చిన్న డిస్కులు యూఎస్‌బీ కేబులు ద్వారానే విద్యుత్తును తీసుకొంటాయి. 3.5 అంగుళాల పెద్ద డిస్కులకు విడిగా 12 వోల్టుల అడాప్టరు ఉంటుంది. యూఎస్‌బీ 2.0 రంధ్రం 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 రంధ్రం 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. డిస్కు తిరగడం ప్రారంభించేటప్పుడు ఎక్కువ విద్యుత్తు కావాలి. కీబోర్డుకు ఉన్న రంధ్రానికో, అడాప్టరు లేని యూఎస్‌బీ హబ్బుకో తగిలించినప్పుడు అది చాలక, డిస్కు తిరగబోయి ఆగిపోతుంది.

అందువలన కంప్యూటరుకు నేరుగా ఉన్న మరొక రంధ్రానికి తగిలించడం, కేబులు మార్చడం, వేరొక కంప్యూటరులో చూడడం, ఈ మూడూ మొదట చేయవలసిన పనులు. పెట్టె లోపల డిస్కును యూఎస్‌బీకి అనుసంధానించే చిన్న సర్క్యూటు బోర్డు చెడిపోవడం కూడా తరచు జరుగుతుంది. అప్పుడు డిస్కును బయటకు తీసి వేరే పెట్టెలో అమర్చి చదవవచ్చు. అయితే కొన్ని నమూనాలలో యూఎస్‌బీ కొక్కెం డిస్కు బోర్డుకే అతికించి ఉంటుంది. మరికొన్నింటిలో ఆ సర్క్యూటు సమాచారాన్ని గుప్తీకరించి వ్రాస్తుంది కనుక, వేరే పెట్టెలో డిస్కు ఖాళీగా ఉన్నట్లు కనబడుతుంది. అలా కనబడినంత మాత్రాన ఫార్మాటు చేయరాదు.

డిస్కు నుండి లయబద్ధంగా టిక్కు టిక్కుమనే శబ్దం వస్తుంటే చదివే ముల్లు తన స్థానాన్ని గుర్తించలేకపోతున్నదని అర్థం. వెంటనే విద్యుత్తు తీసివేయాలి. మళ్ళీ మళ్ళీ తగిలించి చూడడం వలన పళ్ళెం మీద గీతలు పడవచ్చు. ముల్లుకు, పళ్ళేనికి మధ్య దూరం కొన్ని నానోమీటర్లు మాత్రమే. ధూళి కణం దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి గది గాలిలో డిస్కు మూత తెరవరాదు. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న చిట్కా ప్రచారంలో ఉన్నది కాని, బయటకు తీసిన తరువాత లోపల తేమ చేరి నష్టం పెరిగే ప్రమాదం ఉన్నది.

డిస్కు కనబడినా తెరుచుకోకపోవడం

డిస్కులో వ్రాత పూర్తి కాకముందే కేబులు లాగివేయడం, కరెంటు పోవడం ఫైలు వ్యవస్థ దెబ్బతినడానికి ముఖ్య కారణాలు. విండోస్ 10లో 2018 చివరి సంచిక నుండి బాహ్య డిస్కులకు త్వరగా తొలగించే పద్ధతి ముందస్తు అమరికగా వచ్చింది. అయినా ఫైళ్ళు కాపీ అవుతుండగా డిస్కును తీసివేస్తే నష్టం తప్పదు.

ఫైలు వ్యవస్థను సరిచేయడానికి విండోస్‌లో చెక్‌డిస్క్, లినక్సులో ఎఫ్ఎస్‌సీకే, మ్యాకింటోషులో డిస్క్ యుటిలిటీ ఉన్నాయి. ఇవి డిస్కు మీద మార్పులు చేస్తాయి. డిస్కు ఆరోగ్యంగా ఉన్నదని తేలిన తరువాతనే వాడాలి. చెడిపోతున్న డిస్కు మీద వీటిని నడిపితే తెగిపోయిన ఫైళ్ళు ముక్కలుగా మారి, పేర్లు కోల్పోవచ్చు.

కొన్నిసార్లు ఫైలు వ్యవస్థ చెడిపోదు, కంప్యూటరుకు దానిని వాడే శక్తి ఉండదు. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కును మ్యాకింటోషు సహజంగా చదవగలదు కాని వ్రాయలేదు. అందువలన పాటలు వినిపిస్తాయి, వాటి వివరాలను మార్చబోతే కుదరదు. ఎఫ్‌ఏటీ32 డిస్కులో ఒక్క ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. సీడీ నాణ్యతలో ఇది సుమారు 6 గంటల 45 నిమిషాల ధ్వని. రాత్రంతా సాగిన ప్రదర్శనను ఒకే ఫైలుగా రికార్డు చేస్తే అది కాపీ కాకపోవడానికి ఇదే కారణం. విండోసు, మ్యాకింటోషు, లినక్సు మూడింటిలోనూ వాడవలసిన డిస్కుకు ఎక్స్‌ఫ్యాట్ అనుకూలమైనది. 2019లో వెలువడిన లినక్సు కెర్నెలు 5.4 నుండి దీనికి ప్రత్యక్ష మద్దతు లభించింది.

ఫోల్డర్ల స్థానంలో అదే పేరుతో షార్ట్‌కట్లు కనబడితే అది వైరసు పని కావచ్చు. ఇటువంటి వైరసులు అసలు ఫోల్డర్లను దాచిపెడతాయే కాని సాధారణంగా తొలగించవు. ఆ షార్ట్‌కట్లను నొక్కకుండా, వైరసును తొలగించి, దాచిన ఫైళ్ళను చూపే అమరికను ఎంచుకొంటే పాటలు మరల కనిపిస్తాయి.

పాటలు ఉన్నా సూచికకు దొరకకపోవడం

అన్నిటికంటె తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. విండోస్ ప్రతి డిస్కుకు ఒక ఆంగ్ల అక్షరాన్ని ఇస్తుంది. నిన్న "ఎఫ్" అక్షరంతో ఉన్న డిస్కు, నేడు ముందుగా మరొక పెన్‌డ్రైవు తగిలించి ఉండడం వలన "జి" కావచ్చు. సూచికలోని వేలాది చిరునామాలన్నీ "ఎఫ్" తోనే మొదలవుతాయి కాబట్టి ఒక్క పాట కూడా దొరకదు. పాటలను మరల చేర్చడం దీనికి పరిష్కారం కాదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంటుకు వెళ్ళి డిస్కుకు పాత అక్షరాన్నే తిరిగి ఇస్తే అన్ని పాటలూ ఒక్కసారిగా దొరుకుతాయి. అక్షరమాలలో చివరి అక్షరాలలో ఒకదానిని కేటాయిస్తే ఇతర పరికరాలతో పోటీ రాదు.

మ్యాకింటోషులోను, లినక్సులోను చిరునామాలో అక్షరానికి బదులు డిస్కు పేరు ఉంటుంది. డిస్కు పేరు మార్చినా, అదే పేరుతో మరొక డిస్కు ముందుగా తగిలించి ఉన్నా చిరునామా మారిపోతుంది. మ్యాక్ఓఎస్‌లో 2019 నాటి క్యాటలినా సంచిక నుండి, బాహ్య డిస్కును చదవడానికి ఒక్కొక్క సాఫ్టువేరుకు వేరుగా అనుమతి ఇవ్వవలసి ఉంటుంది. అనుమతి నిరాకరించినా పాటలు కనబడవు.

ఐట్యూన్స్ ఇందుకు మంచి ఉదాహరణ. 2001 జనవరిలో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ఈ సాఫ్టువేరు 2003లో విండోస్‌కు వచ్చింది. 2019లో మ్యాకింటోషులో దీని స్థానాన్ని మ్యూజిక్ అనే సాఫ్టువేరు తీసుకొంది. ఇందులో ఫైలు దొరకని పాట ప్రక్కన ఆశ్చర్యార్థకపు గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు పాట పోయిందని చెప్పదు, చెప్పిన చోట లేదని మాత్రమే చెబుతుంది. బాహ్య డిస్కు తగిలించకుండా సాఫ్టువేరును తెరిస్తే, కొత్తగా చేర్చిన పాటలు లోపలి డిస్కులోకి వెళ్ళిపోయి భాండాగారం రెండు ముక్కలు కావచ్చు. అందుచేత ముందు డిస్కును తగిలించి, అది కనబడిన తరువాతనే సాఫ్టువేరును తెరవడం మంచి అలవాటు. మ్యాకింటోషులో ఆప్షన్ మీటను, విండోస్‌లో షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొని తెరిస్తే, ఏ సూచికను వాడాలో ఎంచుకొనే అవకాశం వస్తుంది.

పాత సూచికను తొలగించి ఫోల్డరును క్రొత్తగా చేరిస్తే పాటలు వస్తాయి, కాని ఏళ్ళ తరబడి కూర్చిన ప్లేలిస్టులు, విన్న లెక్కలు, చేర్చిన తేదీలు పోతాయి. పాత సూచికను తొలగించకుండానే మరల చేరిస్తే ఒక్కొక్క పాట రెండుసార్లు కనిపిస్తుంది. చిరునామాను సరిచేయడానికి వీలులేనప్పుడే ఈ మార్గాన్ని అనుసరించాలి. అప్పుడు కూడా పాత సూచిక ఫైలుకు నకలు ఉంచుకోవాలి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కులు

తెలుగు లిపిలో పేర్లు పెట్టిన పాటలకు కొన్ని ప్రత్యేక సమస్యలు ఉన్నాయి.

ఐత్వం: "వైశాఖం" వంటి పదాలలోని ఐత్వాన్ని యూనికోడులో రెండు విధాలుగా వ్రాయవచ్చు. ఒకటి ఒకే సంకేతంగా, రెండవది ఎత్వపు సంకేతానికి ఐత్వపు క్రింది గుర్తును విడిగా చేర్చి. చూడడానికి రెండూ ఒకటే. మ్యాకింటోషుల పాత ఫైలు వ్యవస్థ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలోనే నిల్వ చేస్తుంది. అటువంటి డిస్కు నుండి లినక్సు డిస్కుకు పాటలను కాపీ చేసినప్పుడు, ప్లేలిస్టులో ఒక రూపం, డిస్కులో మరొక రూపం ఉండి, ఐత్వమున్న పాటలు మాత్రమే దొరకకుండా పోవచ్చు.

కనబడని సంకేతాలు: పొల్లు అక్షరం తరువాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనబడని ఒక సంకేతాన్ని వాడతారు. పదం చివర ఈ సంకేతం ఉన్నదీ లేనిదీ చూపుకు తెలియదు. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు.

పేరు నిడివి: లినక్సులోని ఎక్స్‌ట్4లో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకొంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా లెక్కలోకి వస్తాయి కనుక 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. విండోస్‌లో అనేక సాఫ్టువేర్లకు మొత్తం చిరునామా 260 అక్షరాలకు పరిమితం. పల్లవి అంతటినీ ఫైలు పేరుగా పెట్టినవారు ఈ చిక్కును ఎదుర్కొంటారు.

ప్లేలిస్టులు: పాత ఎం3యూ ప్లేలిస్టులు కంప్యూటరు స్థానిక సంకేత పద్ధతిలో వ్రాయబడేవి. విండోస్‌లో తెలుగుకు అటువంటి స్థానిక పద్ధతి లేక, పేర్లు ప్రశ్నార్థకాలుగా మారేవి. యూటీఎఫ్-8ను వాడే ఎం3యూ8 రూపంలో దాచుకొంటే ఈ నష్టం ఉండదు.

ట్యాగులు: పాట పేరు, గాయకుల పేరు వంటి వివరాలు ఎంపీ3 ఫైలులోనే ట్యాగులుగా ఉంటాయి. 1996 నాటి మొదటి ఐడీ3 ట్యాగు మొత్తం 128 బైట్లు, అందులో పాట పేరుకు 30 బైట్లు మాత్రమే. యూనికోడు తరువాతి సంచికలలో వచ్చింది. అందువలన చాలా తెలుగు పాటల వివరాలు రోమను లిపిలో ఉన్నాయి. ఘంటసాల పేరులోని దీర్ఘానికి కొందరు "ఏ" అక్షరాన్ని ఒకసారి, కొందరు రెండుసార్లు వ్రాసినందున, ఒకే గాయకుని పాటలు సూచికలో రెండు మూడు పేర్ల క్రింద చీలిపోతాయి. పోయాయనుకొన్న పాటలు మరొక వర్ణక్రమం క్రింద దొరకడం పరిపాటి.

పాట ఆగి ఆగి రావడం

కొంతసేపు వాడకపోతే బాహ్య డిస్కు తిరగడం ఆపుతుంది. మరల పాటను నొక్కినప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యం కావడం సహజం. పాట మధ్యలో ఆగుతుంటే కేబులును, విద్యుత్తును పరీక్షించాలి. ఒకే పాట ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే ఆ ఫైలు గాని, డిస్కులోని ఆ భాగం గాని చెడినట్లు భావించాలి.

హార్డు డిస్కులు తమ ఆరోగ్యాన్ని స్మార్ట్ అనే పద్ధతిలో నమోదు చేసుకొంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత సాఫ్టువేర్లతో దీనిని చూడవచ్చు. చెడిపోయి వేరే చోటికి మార్చబడిన సెక్టార్లు, చదవడం కుదరక తేలకుండా ఉన్న సెక్టార్లు అనే రెండు లెక్కలు ముఖ్యమైనవి. ఈ సంఖ్యలు రోజు రోజుకూ పెరుగుతుంటే డిస్కును నమ్మరాదు. అయితే ముందస్తు హెచ్చరిక లేకుండా చెడిపోయే డిస్కులు కూడా ఉన్నాయి.

చెడిపోతున్న డిస్కు నుండి పాటలను రాబట్టడం

డిస్కు ఇంకా చదవబడుతుంటే, మళ్ళీ దొరకని రికార్డింగులను ముందుగా వేరొక డిస్కుకు కాపీ చేయాలి. సినిమా పాటల వంతు తరువాత. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి సాఫ్టువేరుతో డిస్కు మొత్తానికి ప్రతిబింబం తీసుకోవాలి. ఇది మొదట సులభంగా చదవగలిగే భాగాలను తీసుకొని, చెడిన భాగాల వద్దకు చివరలో వస్తుంది. ఎంతవరకు చదివినదో ఒక ఫైలులో వ్రాసుకొంటుంది కనుక ఆపి మరల కొనసాగించవచ్చు. తరువాతి మరమ్మతులన్నీ ప్రతిబింబపు నకలు మీదనే చేయాలి.

ఫైలు వ్యవస్థ పూర్తిగా పోయినప్పుడు ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్టువేరు ఫైళ్ళ లోపలి ఆనవాళ్ళను బట్టి పాటలను వెలికి తీస్తుంది. పేరు ఫోటోలను సూచించినా ఇది ఎంపీ3, ఫ్లాక్ వంటి ఫైళ్ళను కూడా గుర్తించగలదు. అయితే పాత ఫైలు పేర్లు, ఫోల్డర్లు సాధారణంగా తిరిగి రావు. ఫైలులోనే ట్యాగులు సరిగా ఉంటే వాటి ఆధారంగా పేర్లను మరల పెట్టుకోవచ్చు. ట్యాగులు లేని ఇంటి రికార్డింగులను ఒక్కొక్కటి విని గుర్తుపట్టవలసి ఉంటుంది. ఆ గొంతులను గుర్తుపట్టగలవారు ఇంట్లో ఉండగానే వివరాలను ఫైలులో వ్రాసి ఉంచడం మేలు.

నకళ్ళు

పై పద్ధతులు అన్నిసార్లూ ఫలించవు. ఖచ్చితమైన రక్షణ నకలు ఒక్కటే. ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాల మీద, వాటిలో ఒకటి వేరొక చోట ఉండాలి. ఒకే డిస్కులోని రెండు ఫోల్డర్లు రెండు ప్రతులు కావు. లోపలి డిస్కులో చోటు కోసం పాటలన్నిటినీ బాహ్య డిస్కుకు తరలిస్తే, అది నకలు కాదు, అదే ఏకైక ప్రతి.

నకలు తీసుకొనేటప్పుడు పాటలతో పాటు సూచిక ఫైలును, ప్లేలిస్టులను కూడా చేర్చాలి. ఫ్లాక్ ఫైలు తనలోని ధ్వనికి సంబంధించిన సరిచూపు సంఖ్యను తనలోనే దాచుకొంటుంది కనుక, ఫైలు చెడినదీ లేనిదీ పరీక్షించడం సులభం. అందువలన క్యాసెట్ల నుండి ఎక్కించిన రికార్డింగులను ఫ్లాక్ రూపంలో ఉంచి, వినడానికి ఎంపీ3 ప్రతిని వేరుగా చేసుకోవడం మంచిది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్కులు కుదుపులకు తట్టుకొంటాయి కాని, విద్యుత్తు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచితే సమాచారాన్ని కోల్పోయే అవకాశం ఉన్నది. ఏ రకమైన నకలునైనా ఏడాదికి ఒకసారైనా తగిలించి, కొన్ని పాటలను తెరిచి విని చూడాలి. తెరిచి చూడని నకలు అవసరానికి పనిచేస్తుందని చెప్పలేము.